వన్స్‌మోర్ పడని ఊరు

యాత్ర చేసొస్తే నా కలం ఆగదని మా పత్రిక ఎడిటరు ఎప్పుడూ దెప్పుతుంటారు. ఈసారి ఆయనే రెండుసార్లు ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. ఇంటికొచ్చి, చీరలకి పట్టిన మిరప ఘాటు ఉతికి ఆరేసుకున్నాక కూడా చాలా రోజులు కాగితం జోలికి పోలేదు. చూసినవి తక్కువై కాదు. చివర్లో విన్న మాట ఒకటి గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మాది రాజమండ్రి. బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఓ వారపత్రికకి సంగీతం మీద రాస్తుంటాను. దీవెన అనే అమ్మాయి ఒపెరా పాడుతుందని, యూరప్ పత్రికలు ఆమెను ఆకాశానికెత్తుతున్నాయని మీలో కొందరు చదివే ఉంటారు. ఒపెరా అంటే కథంతా పాటలోనే నడిచే పాశ్చాత్య నాటకం. అందులో ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిలో పాడేవారిని సొప్రానో అంటారు. దీవెన సొప్రానో. గుంటూరులో పుట్టి, మిషన్ బడిలో ప్రార్థన గీతాలు పాడి, చెన్నైలో నేర్చుకుని, అక్కణ్ణించి ఎగిరిపోయింది. ఇన్నాళ్ళకి గుంటూరులో ఒక సాయంత్రం, కనిగిరి దగ్గర ఒక పల్లెలో ఒక సాయంత్రం పాడటానికి వచ్చింది. దాని మీద రాయమని పత్రిక నన్ను పంపింది. "నా కారులోనే వచ్చేయండి ఆంటీ" అంది దీవెన.

ఆ పల్లె పేరు మాత్రం రాయను. రాస్తే అక్కడ ఒక మాస్టారు నొచ్చుకుంటారు. ఆయన ఇప్పటికే చాలినంత నొచ్చుకుని ఉన్నారు.

మంగళగిరి

పల్లెలో పాడే రోజున కట్టుకోవడానికి దీవెనకి మంగళగిరి నేత చీర కావాలట. తెల్లటి నూలు, సన్నటి జరీ అంచు, లోపల పువ్వులూ బుటాలూ ఏమీ ఉండకూడదు. వాళ్ళ అమ్మమ్మ రత్నమ్మ గారు పద్యనాటకాల్లో రాణి వేషాలు కట్టేవారు. వేషం తీసేశాక అలాంటి చీరే కట్టుకునేవారట.

కొట్టాయన పేరు మస్తాన్. పరుపు మీద చీరలు పరుస్తూ మాటల్లోకి దిగాడు. మా వైపు కొట్టువాళ్ళు ముందు కుశలం అడిగి, తర్వాత బేరంలోకి దింపుతారు. ఇక్కడ సరాసరి మనిషినే అడిగేస్తారు.

"ఏం పని చేస్తావమ్మా?"

"పాడతానండీ. ఒపెరా."

"అంటే ఏంది?"

"నాటకమేనండీ. కాకపోతే మాటలు కూడా పాటలోనే ఉంటాయి."

"అట్టా చెప్పు, పద్యనాటకమేగా! మా నాయనకి పిచ్చి. నాటకమంటే ఎంత దూరమైనా సైకిలేసుకుని పోయేవాడు. మరి వన్స్‌మోర్‌లు పడతాయా నీకు?"

దీవెన నవ్వబోయి ఆగిపోయింది. "లేదండీ" అంది.

"పడతాయిలే. ఇంకా చిన్నదానివేగా" అన్నాడు మస్తాన్, చీర మడత పెడుతూ.

పెట్టెడు పొగడ్తలు మోసుకొచ్చిన పిల్లని పట్టుకుని ఓదారుస్తున్నాడు! నాకు ఒళ్ళు మండింది. ఆమె ఎవరనుకుంటున్నారని అడగబోతే దీవెన నా చెయ్యి నొక్కింది. చీర రెండువేల ఐదొందలు. బేరమాడకుండా ఇచ్చేసి బయటికి లాక్కొచ్చింది.

పద్యనాటకం చూడనివాళ్ళకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. నటుడు పద్యం పాడి, చివర రాగం తీసి ఆపుతాడు. నచ్చితే జనంలోంచి ఎవరో ఒకరు "వన్స్‌మోర్!" అని అరుస్తారు. ఇంకో నలుగురు అందుకుంటారు. అంతే, చచ్చిపోతున్న రాజైనా సరే లేచి నిలబడి అదే పద్యం మళ్ళీ పాడాలి. కథ ఎటు పోయినా ఎవరికీ పట్టదు. ఈ జిల్లాల్లో నటుల గొప్ప చెప్పుకునేది వన్స్‌మోర్‌లతోనే. బిరుదులూ శాలువాలూ తర్వాతి సంగతి.

పెదకాకాని

ఉదయం ఏమీ తినలేదని పెదకాకానిలో ఆగాం. గుడికి వచ్చినవాళ్ళతో హోటలు కిటకిటలాడుతోంది. ఇడ్లీ మీద కారప్పొడి చల్లి నెయ్యి పోసి ఇచ్చారు. ప్లేటు నలభై రూపాయలు. మా గోదావరి నాలుకకి కారమంటే అల్లం పచ్చడి దాకానే. మొదటి ముద్దకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, రెండో ముద్దకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. వడ్డించే ఆవిడ మంచినీళ్ళు తెచ్చిపెట్టి, "గోదారోళ్ళా అమ్మా? చక్కెర తెమ్మంటారా?" అంది. దీవెన పడీపడీ నవ్వింది. తను మాత్రం గొంతు కోసం ఉత్త ఇడ్లీ తింది. గుంటూరు పిల్ల కారప్పొడి పక్కకి నెట్టడం చూసి ఆ వడ్డించే ఆవిడే ఎక్కువ బాధపడింది.

మళ్ళీ కారెక్కాక దీవెన తనంతట తానే చెప్పింది.

"మస్తాన్ గారి మీద కోపం తెచ్చుకోకండి ఆంటీ. మా అమ్మమ్మా అదే అడిగేది. అక్కడ పాడిన ప్రతిసారీ ఫోన్ చేసి, పేపర్లో ఇలా రాశారు, అలా రాశారు అని చదివి వినిపించేదాన్ని. అంతా విని, 'అదంతా సరేనే, వన్స్‌మోర్ పడిందా?' అనేది. అక్కడ అలా అనరు అమ్మమ్మా అంటే నమ్మేది కాదు. పడక, నేను సాకు చెబుతున్నా అనుకునేది."

"అక్కడా చివర్లో మళ్ళీ పాడమంటారు కదా?"

"అది వేరే పాట ఆంటీ. ముందే అనుకుని ఉంచుకుంటాం. ఇప్పుడు పాడిందే, ఇక్కడే, మళ్ళీ కావాలని పట్టుబట్టడం... దాని రుచి నాకు తెలీదు. మనం వెళ్ళే ఊళ్ళో అమ్మమ్మకి ఒక పద్యానికి మూడుసార్లు పడిందట. పోయేదాకా అదే చెప్పుకుంది. నాకు ఒక్కటి పడితే చాలు. పడిందమ్మమ్మా అని మనసులోనైనా చెప్పుకుంటాను."

రేపు ఆ ఊళ్ళో పడుతుందిలే అన్నాను. అంత ధీమాగా ఎందుకన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

గుంటూరు

గుంటూరులో మిరప కోతల రోజుల్లో గాలే ఒక తిరగమోత. మిరపకాయ బస్తాల లారీలు ఊరంతా తిరుగుతుంటాయి. దీవెన కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే కారు దిగింది.

హాలు చల్లగా ఉంది, జనం ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు. మొదలుపెట్టే ముందు ఒకమ్మాయి మైకులో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చదివింది. ఫోన్లు ఆపేయాలి, పాటకీ పాటకీ మధ్య చప్పట్లు కొట్టకూడదు, చివర్లో లేచి నిలబడి కొట్టవచ్చు. చెప్పినట్టే నడిచింది. దీవెన పాడిన గంటన్నరా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. చివర్లో అందరూ లేచి చప్పట్లు కొట్టారు.

ఆమె గొంతు గురించి వేరేగా రాస్తాను. ఇక్కడ ఒక్క ముక్క చెబుతాను. మైకు లేకుండా పాడింది. చివరి వరసలో కూర్చున్న నా చెవి పక్కనే పాడినట్టుంది. పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతుందనుకున్న గొంతు నిండుకుంటూ పోయింది. మర్నాడు పేపర్లన్నీ "శ్రోతలను ఓలలాడించింది" అని రాశాయి. ఓలలాడటమంటే ఏమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నేనూ చాలాసార్లు రాశాను లెండి.

దీవెనని స్వయంగా పిలవడానికి పల్లె నుంచి మాస్టారు గుంటూరు వచ్చారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఊళ్ళో కార్యక్రమం పెట్టింది ఆయనే. చిన్నప్పుడు రత్నమ్మ గారి నాటకం చాప మీద కూర్చుని చూశారట. హాలులో నా పక్కనే చేతులు కట్టుకుని కూర్చున్నారు. అయిపోయాక బయటికొస్తూ అన్నారు:

"చూశారా అమ్మా, ఎంత డిసిప్లినో! దగ్గు గూడా దగ్గలేదు ఒక్కరు. మావోళ్ళంతా మొరటోళ్ళు. ఆ పిల్ల పరువు తీస్తారేమోనని భయంగా ఉంది."

"మీవాళ్ళు మీవాళ్ళలాగా ఉంటేనే బాగుంటుంది మాస్టారూ" అన్నాను మాటవరసకి. మర్యాదకి అన్నాననుకున్నారు కాబోలు, తలూపారు. ఆ రాత్రే బస్సెక్కి ముందుగా ఊరికి వెళ్ళిపోయారు.

కనిగిరి దారి

చిలకలూరిపేట దాటాక రెండు పక్కలా పత్తి చేలు. చివరి తీత అయిపోయి, అక్కడక్కడా మోళ్ళకి మిగిలిన పత్తి వేళ్ళాడుతోంది. ఆ తర్వాత ఎర్రటి కల్లాలు. ఎకరాలకి ఎకరాలు మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. మా వైపు అరిటాకుల పచ్చకి అలవాటుపడ్డ కళ్ళకి అంత ఎరుపు చూస్తే భయమేసింది. అద్దం దించి ఫోటో తీయబోయి అరగంట తుమ్మాను. దీవెన కారాపించి, వెనక సీట్లోకి మారిపోయి, గొంతు చుట్టూ రెండు తువాళ్ళు చుట్టుకుంది. ఆ కోపం నా మీద టీ తాగేదాకా ఉంది.

ఊరి మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దీవెన బొమ్మ, పక్కన రత్నమ్మ గారి బొమ్మ, కింద పెద్దక్షరాలతో "ప్రపంచ ప్రఖ్యాత ఆపరా గాయని".

ఒపెరాని ప్రెస్సువాళ్ళు "ఆపరా" చేసేశారు! దీవెన కారు దిగి దాని కింద నిలబడి ఫోటో తీయించుకుంది. "పాడేదాన్ని పట్టుకుని ఆపరా అంటే ఎలా అండీ?" అని నవ్వింది. మాస్టారికి ముఖం చెల్లలేదు. "ప్రూఫు నేనే చూశానమ్మా, నా కళ్ళు పోను" అని లెంపలేసుకున్నారు. ఊళ్ళో అందరూ తియ్యగా చూశారు, కానీ ఎవరూ గట్టిగా పలకరించలేదు. మజ్జిగ ఇచ్చేవాళ్ళు కూడా గుసగుసగా "తీసుకోండి" అన్నారు. ఈ జిల్లావాళ్ళు పక్కింటివాణ్ణి కూడా పొలం గట్టు మీంచి పిలిచినట్టు పిలుస్తారని విన్నాను. ఇదేమిటో అనుకున్నాను.

పల్లెలో సాయంత్రం

బడి ముందు అరుగే స్టేజి. రత్నమ్మ గారు పాడింది కూడా దాని మీదేనట. పొద్దు వాలుతుండగా మొదలుపెట్టారు. జనం పట్టనంత ఉన్నారు. పిల్లలు కూడా నోటి మీద వేలేసుకుని కూర్చున్నారు. గుంటూరు హాలు దీని ముందు సంతలా అనిపించింది.

దీవెన ఆ తెల్ల చీరలో వచ్చింది. ముందు తన ఒపెరా పాటలు పాడింది. ఏ పాటకా పాట అయ్యాక నిశ్శబ్దం. కీబోర్డు వాయించే ఆయన చెన్నై నుంచి వచ్చారు. ఆయనకి ఇది మామూలే కాబట్టి పేజీ తిప్పుకుంటున్నారు. దీవెన మాత్రం పాటకీ పాటకీ జనం వంక చూస్తోంది.

చివరికి కీబోర్డు ఆపించింది. "ఇది మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పద్యం" అని మాత్రం చెప్పింది. అడవి దారిలో ఒక రాణి బిడ్డని పడుకోబెట్టే పద్యం. మొదటి మూడు పాదాలూ అచ్చం నాటక ఫక్కీలోనే పాడింది. నాలుగో పాదం దగ్గర రాగం అందుకుని, అమ్మమ్మ ఆపే చోట ఆపకుండా తన గొంతుకి తెలిసిన పై మెట్లకి తీసుకుపోయింది. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. రాగం దింపి, బిడ్డ మీద చెయ్యి వేసినట్టు చెయ్యి చాపి, అలాగే నిలబడింది.

నటులు అక్కడ ఆగుతారు. వన్స్‌మోర్ కోసమే ఆగుతారు. ఆమె ఎదురు చూస్తోందని ఆ పల్లెలో నాకొక్కదానికే తెలుసు.

ఎవరూ నోరెత్తలేదు. ముందు వరసలో ఒక పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల దించుకుంది. నేనైనా అరవచ్చు. గోదావరి నుంచి వచ్చిన పెద్దమనిషి అరిస్తే అది వన్స్‌మోర్ కాదు, జాలి అవుతుందనిపించింది. దీవెన చెయ్యి దించి నమస్కారం పెట్టింది. మాస్టారు లేచి నిలబడి చెయ్యెత్తితే, ఊరంతా ఒక్కసారి లేచి ఒక్క తాళంలో చప్పట్లు కొట్టింది.

కనిగిరి

ఆ రాత్రికి కనిగిరిలో దిగాం. కొండ మీద పాత కోట చూడాలని ఇద్దరం అనుకున్నాం. తెల్లారాక ఆ ఊసే ఎత్తలేదు. హోటల్లో వేడివేడి అట్లు, బొంబాయి చట్నీ పెట్టారు. దీవెన ముక్క తుంచి వదిలేసింది. గొంతు దాచుకోవాల్సిన పని లేదని కారప్పొడి అడిగి వేయించుకుంది కానీ అదీ ముట్టలేదు.

"బాగా విన్నారు కదా ఆంటీ. చాలా మర్యాదగా" అంది.

నేను ఏదో చెప్పబోయాను.

"పరవాలేదు. రాగం మరీ పైకి లాగేశానేమో. అమ్మమ్మ పద్యాన్ని నాది చేసుకోబోయాను. వాళ్ళకి అది పద్యంలా లేదు." నవ్వడానికి చూసింది. "పేపర్లకి నచ్చేది వేరు, వాళ్ళకి నచ్చేది వేరు."

చెన్నైలో విమానం అందుకోవాలని కారెక్కి వెళ్ళిపోయింది. పల్లెటూరివాళ్ళకి ఏం తెలుసులే అని నేను ఆ ఊరిని మనసులో తిట్టుకున్నాను. అది కూడా ఒప్పుకోవాలి.

మళ్ళీ పల్లె

నా కళ్ళజోడు బడి అరుగు మీద మర్చిపోయాను. ఆటో మాట్లాడుకుని ఒక్కదాన్నే వెనక్కి వెళ్ళాను. బడి వెనకే కల్లం. మిరపకాయల రాశి అవతల ఆడవాళ్ళు కూర్చుని తాలుకాయలు, అంటే రంగు పోయిన కాయలు, ఏరుతున్నారు. నేను ఇవతల ఆగిపోయాను. రాశి అవతల్నించి దీవెన గొంతు వినబడుతోంది.

ఎవరో ముందురోజు సాయంత్రం పాటని ఫోనులో పట్టుకున్నారు. పద్యం నాలుగో పాదానికొచ్చింది. రాగం పైకి వెళ్ళింది, దిగింది, ఆగింది.

"వన్స్‌మోర్!" అంది ఒక గొంతు.

"వన్స్‌మోర్!" అంది ఇంకొకటి, మధ్యలో దగ్గుతూ. ఒకరు ముందు, ఒకరు వెనక, ఒకరు నవ్వుతూ. "పెట్టవే నాగేంద్రం, మళ్ళీ పెట్టు!" ఫోను మళ్ళీ పాడింది. మళ్ళీ అరిచారు. మళ్ళీ పెట్టారు. అక్కడే బస్తా మీద కూర్చుండిపోయాను.

కాసేపటికి వాళ్ళే నన్ను చూశారు. "నిన్న ఎందుకు అనలేదమ్మా?" అని అడిగేశాను, కాస్త గట్టిగానే.

నాగేంద్రం గభాలున లేచింది. ముందు వరసలో కొంగు అడ్డం పెట్టుకున్నది ఆవిడే. "ఎట్టా అంటామండీ? మాస్టారు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు గదా! వాళ్ళ పాటల్లో మధ్యలో అరిస్తే తిట్టినట్టంట. గుంటూరులో పెద్దోళ్ళంతా నోరు మూసుకుని విన్నారంట. మన రత్నమ్మ మనవరాలికి మన ఊళ్ళోనే అవమానం జరగకూడదు, ఒక్కరు అరిచినా ఊరుకోనన్నాడు. గొంతు దాకా వచ్చిందమ్మా. కొంగు కొరుక్కుని కూర్చున్నా."

వాళ్ళు మాట్లాడుతుండగానే మాస్టారు నా కళ్ళజోడు తీసుకుని వచ్చారు. ఆయనకి అంతా చెప్పాను. రత్నమ్మ గారు ఫోనులో అడిగే మాట, దీవెన దేనికోసం వచ్చిందో, ఏమనుకుని వెళ్ళిపోయిందో. మెల్లగా చెప్పాల్సింది. కోపం మీద గబగబా చెప్పేశాను.

మాస్టారు కళ్ళజోడు నా చేతికివ్వడం కూడా మర్చిపోయారు. "చిన్నప్పుడు వాళ్ళమ్మమ్మకి మూడోసారి అరిచింది నేనేనమ్మా" అన్నారు. "నిన్న నాక్కూడా నోటి చివరిదాకా వచ్చింది. నేనే తప్పితే ఎట్టా అని చెయ్యి అడ్డం పెట్టుకున్నా."

దీవెనకి ఫోన్ చేశాం. స్విచాఫ్. ఫోను ఆపేసి కారులో నిద్రపోతున్నట్టుంది. రికార్డు చేసి పంపుదామని నాకు తోచింది. "మీరు ఇందాక అన్నారే, అలాగే ఇంకోసారి అనండి" అన్నాను.

ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు, జుట్టు దువ్వుకున్నారు. నాగేంద్రం ఫోనులో పద్యం పెట్టింది. అది ఆగగానే మాస్టారు చెయ్యెత్తి "ఒకటీ, రెండూ, మూడూ" అన్నారు. అందరూ ఒక్క గొంతుతో, బడిపిల్లలు ప్రార్థన చదివినట్టు, "వన్స్‌మోర్!" అన్నారు. నేను నా మాటలు కూడా కలిపి, జరిగిందంతా చెప్పి పంపాను.

రాజమండ్రి

ఇంటికి చేరాక జవాబొచ్చింది.

"విన్నాను ఆంటీ. అందరూ ఎంత చక్కగా, ఒక్కసారే అన్నారో! నా మనసు కష్టపడిందని ఇంత మందిని పోగేసి అనిపించారు. మీలాంటివాళ్ళు ఎవరుంటారు? మాస్టారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంక దీని గురించి బాధపడకండి, నేను బాగానే ఉన్నాను."

నేను అనిపించింది కాదని, కల్లంలో అంతకుముందే వాళ్ళంతట వాళ్ళు అరిచారని మళ్ళీ రాశాను. నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపింది. ఫోన్ చేస్తే, "అయ్యో, నమ్మాను ఆంటీ" అని పసిపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

కల్లంలో దగ్గుల మధ్య, నవ్వుల మధ్య, ఎవరి తాళంలో వాళ్ళు అరిచినది నా ఫోనులో లేదు. ఇది అచ్చయ్యాక ఆమెకి ఒక కాపీ పంపుతాను. ఇదీ నేను ఆమె కోసం కల్పించిందే అనుకుంటుంది. వన్స్‌మోర్ పడిందా అని అడిగే ఆవిడ ఇప్పుడు లేరు. పడిందని చెబితే నమ్మాల్సిన పిల్ల నమ్మడం లేదు.